లింక్‌డ్ లిస్ట్‌కి కూడా పేటెంటా? ముందు క్లెయిమ్ చదవండి

మీ ప్రశ్నలో మూడు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. లింక్‌డ్ లిస్ట్ (ప్రతి అంశంలోనూ తర్వాతి అంశం ఎక్కడుందో చూపే పాయింటరు పెట్టి కట్టే జాబితా) మీద అమెరికాలో పేటెంట్ ఇచ్చారని చూశారు. రోజూ రాసే కోడ్ దాని కిందికి వస్తుందా, వస్తే తిరగరాయాలా అని అడిగారు. మీ లీడ్ "పేటెంట్లు అసలు తెరిచి చూడొద్దు" అన్నారట, అది సబబేనా అని కూడా అడిగారు. చాలాకాలం ప్రోగ్రామర్‌గా పనిచేశాక, పేటెంట్ లాయర్ల పక్కన కూర్చుని క్లెయిమ్‌లకీ కోడ్‌కీ పొంతన ఉందో లేదో చూసే పనిలోకి వచ్చాను. ఆ అనుభవంతో కాస్త వివరంగానే చెబుతాను. నేను లాయర్ని కాను. మీ కంపెనీకి నోటీసంటూ వస్తే లాయరు మాటే వినండి.

మీరు చూసింది 7,028,023 నంబరు పేటెంట్. ఎల్‌ఎస్‌ఐ లాజిక్ అనే కంపెనీ 2002 సెప్టెంబరులో దరఖాస్తు చేస్తే 2006 ఏప్రిల్‌లో మంజూరైంది. శీర్షిక "లింక్‌డ్ లిస్ట్", అంతే. ఆ శీర్షికే ఇన్నేళ్లుగా జనాన్ని కంగారు పెడుతోంది. కానీ పేటెంట్‌లో హక్కు శీర్షికకి ఉండదు, మొదటి పేజీలోని సారాంశానికి ఉండదు, బొమ్మలకీ ఉండదు. పొలం దస్తావేజులో ముందు ఎన్ని వాక్యాలు రాసుకున్నా తగాదా వచ్చినప్పుడు హద్దులే చూస్తారు. ఇక్కడ ఆ హద్దులు, పత్రం చివర నంబర్లు వేసి రాసే క్లెయిమ్‌లు.

ఆ పేటెంట్ మొదటి క్లెయిమ్ చెప్పేది ఇది: కనీసం రెండు వరసల్లో నడవగలిగే జాబితా. అందులో ప్రతి అంశానికీ ఒక ప్రధాన పాయింటరు, ఒక అదనపు పాయింటరు ఉంటాయి. ప్రధాన పాయింటరు మొదటి వరసలో తర్వాతి అంశాన్ని చూపిస్తుంది, అదనపు పాయింటరు రెండో వరసలో తర్వాతి అంశాన్ని చూపిస్తుంది. ఇప్పుడు అసలు సూత్రం చెబుతాను. క్లెయిమ్‌లో ఉన్న ప్రతి ముక్కా (లేదా దానికి చట్టం దృష్టిలో సమానమైనది) మీ కోడ్‌లో ఉంటేనే ఉల్లంఘన. ఒక్క ముక్క లేకపోయినా ఆ క్లెయిమ్ మీకు తగలదు. నెక్స్ట్ పాయింటరు ఒక్కటే ఉన్న మామూలు లిస్ట్‌లో రెండో పాయింటరే లేదు, కాబట్టి అది బయటపడింది.

మరి డబ్లీ లింక్‌డ్ లిస్ట్? అందులో నెక్స్ట్‌తో పాటు ఉండే ప్రీవ్ (ముందరి అంశాన్ని చూపే) పాయింటరు వెనక నుంచి ముందుకి ఇంకో వరస చూపిస్తుంది కదా. క్లెయిమ్‌ని అక్షరాలా చదివితే అది కూడా లోపలికే వస్తుందని వాదించొచ్చు. అయితే సరిగ్గా అక్కడే ఆ క్లెయిమ్ కూలిపోతుంది. రెండు వైపులా లింకులున్న జాబితాలు, ఒకే నోడ్ (జాబితాలోని అంశం) రెండు వేర్వేరు జాబితాల్లో ఉండే ఏర్పాటు డొనాల్డ్ నూత్ 1968లో అచ్చు వేసిన "ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్" మొదటి సంపుటంలోనే ఉన్నాయి. లింకులతో జాబితాలు కట్టే పద్ధతిని న్యూవెల్, షా, సైమన్ అనే పరిశోధకులు 1950ల మధ్యలోనే ఐపీఎల్ అనే తమ ప్రోగ్రామింగ్ భాషలో వాడారు. అమెరికా కోర్టుల్లో 19వ శతాబ్దం నుంచీ నిలిచిన నియమం ఒకటుంది: పేటెంట్ తర్వాత వస్తే ఏది ఉల్లంఘన అవుతుందో, పేటెంట్‌కి ముందే ఉంటే అదే ఆ పేటెంట్‌ని చెల్లకుండా చేస్తుంది. అంటే అందరూ చేసే పనిని పట్టుకునేంత వెడల్పుగా క్లెయిమ్ రాస్తే, అది పాత పనిని కూడా పట్టుకుని తీరాలి. పాత పనిని తప్పించుకునేంత ఇరుకుగా చదివితే మీ కోడ్ కూడా బయటపడుతుంది. ఏ "అందరూ వాడే పద్ధతి" పేటెంట్ చూసినా నేను ముందు ఈ కత్తెర పెట్టి చూస్తాను.

తేదీ కూడా చూడాలి. పేటెంట్ గడువు దరఖాస్తు రోజు నుంచి 20 ఏళ్లు. పైగా అమెరికాలో మంజూరు తర్వాత మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్ల దగ్గర ఫీజు కట్టకపోతే ముందే పోతుంది. ఇది 2002 నాటి దరఖాస్తు కాబట్టి, పేటెంట్ ఆఫీసు ఆలస్యానికి కలిపే అదనపు రోజులు ఎన్ని వేసుకున్నా ఇప్పటికి గడువు దాటిపోయింది. మీరేమీ తిరగరాయక్కర్లేదు.

ఇక్కడితో ఆపితే మీకు మంచి నిద్ర పడుతుంది కానీ పూర్తి నిజం చెప్పినట్టు కాదు. యాభై ఏళ్ల నాటి పద్ధతికి 2006లో పేటెంట్ ఎలా ఇచ్చారన్న మీ కోపం న్యాయమైనదే. పరిశీలించే అధికారికి ఒక దరఖాస్తు మీద దొరికే సమయం కొన్ని గంటలే. ఆ గంటల్లో ఆయన ముఖ్యంగా వెతికేది పాత పేటెంట్లలో, అచ్చయిన పత్రాల్లో. ప్రోగ్రామర్ల జ్ఞానం అక్కడ ఉండదు. అది సోర్స్ కోడ్‌లో, మాన్యువల్ పేజీల్లో, పాత మెయిలింగ్ లిస్టుల్లో ఉంటుంది. మరీ చిన్న చిట్కాల మీద ఎవరూ వ్యాసం రాయరు, ఎందుకంటే రాయాల్సినంత విషయం అందులో ఉందని ఎవరికీ అనిపించదు. ఎంత మామూలు పద్ధతైతే అంత తక్కువ కాగితం ఉంటుంది. అదే అసలు ఇబ్బంది.

చట్టం కూడా అటూ ఇటూ ఊగింది. 1972లో బెన్సన్ కేసులో దశాంశ అంకెల్ని బైనరీలోకి మార్చే పద్ధతికి పేటెంట్ కుదరదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. 1981లో డీయర్ కేసులో రబ్బరుని ఉడికించే యంత్రాన్ని కంప్యూటరుతో నడిపే పద్ధతికి ఇవ్వొచ్చంది. 1998లో స్టేట్ స్ట్రీట్ కేసులో కింది అప్పీళ్ల కోర్టు వ్యాపార పద్ధతులకి కూడా తలుపులు బార్లా తెరిచింది. అమెజాన్ ఒక్క క్లిక్కుతో కొనే పేటెంట్ 1999లో మంజూరైంది, ఆ ఏడాది డిసెంబరులోనే బార్న్స్ అండ్ నోబుల్ అనే పుస్తకాల దుకాణం మీద కోర్టు నిషేధం వచ్చింది. పై కోర్టు 2001లో ఆ నిషేధం ఎత్తేసింది కానీ పేటెంట్ మాత్రం 2017 దాకా బతికింది. 2014లో ఆలిస్ కేసుతో సుప్రీంకోర్టు మళ్లీ బిగించింది: పాత అమూర్త ఆలోచనని తీసుకుని "కంప్యూటరు మీద చేయండి" అని చేర్చినంత మాత్రాన పేటెంట్ రాదంది. ఆ తర్వాత ఇలాంటివి చాలా కొట్టుకుపోయాయి. ఐరోపాలో, భారతదేశంలో చట్టమే "కంప్యూటర్ ప్రోగ్రామ్‌ మాత్రమే అయితే" పేటెంట్‌కి తగదంటుంది. భారత చట్టంలో అది 3(కె) సెక్షన్. కానీ "సాంకేతిక ఫలితం" ఉందని చూపించి లోపలికి వచ్చే దారి రెండు చోట్లా ఉంది. కాబట్టి అమెరికా గొడవ మనకెందుకని కొట్టిపారేయకండి. ఏ దేశంలో అమ్ముతారో ఆ దేశపు పేటెంట్లు మీకు వర్తిస్తాయి.

ఇప్పుడు చాలామంది ప్రోగ్రామర్లకి తెలియని సంగతి. కాపీరైట్ అలవాటుతో మనం "నేను ఎవరి కోడూ చూడలేదు, సొంతంగా రాశాను" అంటే చాలనుకుంటాం. పేటెంట్‌లో ఆ మాట పనికిరాదు. మీరు సొంతంగా కనిపెట్టినా ఉల్లంఘనే. దీనికి ఐడీ సాఫ్ట్‌వేర్ అనే ఆటల కంపెనీ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ కథ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆటల్లో నీడలు గీయడానికి స్టెన్సిల్ బఫర్ (పిక్సెల్‌కో లెక్క దాచుకునే మెమరీ) వాడేటప్పుడు కెమెరా నీడలోకి వెళ్తే లెక్క తప్పుతుంది. లోతు పరీక్షలో (ముందున్న వస్తువు వెనక దాగిందో లేదో చూసే పరీక్ష) పాసైన పిక్సెల్ దగ్గర కాకుండా ఫెయిలైన దగ్గర లెక్కించాలని కార్మాక్ తనంతట తను కనుక్కున్నాడు. అందుకే ఆ పద్ధతికి ఆయన పేరే స్థిరపడింది. అదే పద్ధతి మీద సౌండ్ కార్డులు చేసే క్రియేటివ్ కంపెనీ అంతకుముందే దరఖాస్తు పెట్టి ఉంది. 2004లో డూమ్ 3 విడుదల ముందు ఐడీ సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీతో ఒప్పందానికి వచ్చి, వాళ్ల ఆడియో సాంకేతికతని ఆటలో పెట్టడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. 2011లో ఆ ఆట సోర్స్ కోడ్ బయట పెట్టేటప్పుడు కూడా ఆ ముక్కని మార్చి ఇచ్చారు. ఒకే సమస్య ముందు కూర్చున్న ఇద్దరు మంచి ప్రోగ్రామర్లకి ఒకే జవాబు తట్టడం మన వృత్తిలో రోజూ జరిగేదే. ఈ చట్టం మన పనికి ఎంతగా అతకదో ఇక్కడ నాకు బాగా కనిపిస్తుంది.

జిఫ్ బొమ్మల సంగతి ఇంకా పెద్దది. ఎల్‌జెడ్‌డబ్ల్యూ అనే కంప్రెషన్ పద్ధతిని టెర్రీ వెల్చ్ 1984లో ఒక పత్రికలో వివరించాడు. చదివిన వాళ్లు హాయిగా వాడుకున్నారు. యునిక్స్‌లోని కంప్రెస్ ప్రోగ్రామ్ దాని మీదే వచ్చింది, 1987లో కంప్యూసర్వ్ అనే ఆన్‌లైన్ సేవ జిఫ్ ఫార్మాట్‌ని దాని మీదే కట్టింది. 1983 జూన్ 20న దాఖలైన దరఖాస్తు 1985లో పేటెంట్‌గా మారిందని ఆ వాడుకునే వాళ్లలో ఎక్కువమందికి తెలియదు. ఆ హక్కు యూనిసిస్ అనే కంప్యూటరు కంపెనీ చేతికి వచ్చింది. 1994 డిసెంబరు చివర్లో, వెబ్ అంతా జిఫ్‌లతో నిండిపోతున్న సమయంలో, జిఫ్ రాసే సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సు రుసుము కట్టాలన్న ప్రకటన వచ్చింది. కొద్ది రోజుల్లోనే, 1995 జనవరిలో, జిఫ్‌కి బదులుగా పీఎన్‌జీ ఫార్మాట్ రూపకల్పన మొదలైంది. పేటెంట్ ఆఫీసు పరిశీలన ఎంత లోపభూయిష్టమో చెప్పడానికి ఇంకో మాట: అదే పద్ధతి మీద ఐబీఎంకి కూడా విడిగా పేటెంట్ ఉంది, దాని దరఖాస్తు వెల్చ్ దరఖాస్తు కంటే మూడు వారాల ముందుది. ఒకే ఆఫీసు ఒకే పద్ధతికి ఇద్దరికి హక్కు ఇచ్చింది. యూనిసిస్ పేటెంట్ అమెరికాలో 2003 జూన్ 20న తీరిపోయింది.

ఎక్సార్ కర్సర్ గురించి కూడా వినే ఉంటారు. తెర మీద గుర్తుని ఎక్సార్‌తో (రెండు బిట్లు వేరైతేనే 1 ఇచ్చే లెక్కతో) ఒకసారి గీస్తే కనిపిస్తుంది, మళ్లీ గీస్తే కింద ఉన్న బొమ్మ చెక్కుచెదరకుండా తిరిగి వస్తుంది. గ్రాఫిక్స్ నేర్చుకునే ఎవరైనా మొదటి వారంలో కనుక్కోగల సంగతి. దాని మీద క్యాడ్‌ట్రాక్ అనే కంపెనీకి 1980లో పేటెంట్ దొరికింది.

"చెల్లని పేటెంటే కదా, కోర్టులో ఓడిపోతారులే" అనే మాట ఈ కథలు చెప్పినప్పుడల్లా వస్తుంది. ఓడిపోతారు, నిజమే. కానీ ఓడించే ఖర్చు ఎవరు భరించాలి? సోవరైన్ అనే సంస్థ చేతిలో ఆన్‌లైన్ షాపింగ్ కార్ట్ మీద పేటెంట్లు ఉండేవి. అమెజాన్ 2005లో వాళ్లకి 4 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ పడింది. న్యూఎగ్ అనే ఆన్‌లైన్ దుకాణం రాజీ పడకుండా నిలబడింది. 2010లో జ్యూరీ దాని మీద 25 లక్షల డాలర్ల తీర్పు ఇచ్చినా అప్పీలుకి వెళ్లింది. 2013 జనవరిలో అప్పీళ్ల కోర్టు ఆ క్లెయిమ్‌లు అప్పటికే తెలిసిన పనికి స్వల్ప మార్పులేనని కొట్టేసింది. కోర్టు ముందు పెట్టిన పాత ఆధారం ఏమిటంటే 1980లలో నడిచిన కంప్యూసర్వ్ మాల్. అందులో వినియోగదారుడు ఒక ఆర్డరు కమాండ్ టైపు చేసి వస్తువుల్ని తన ఖాతాలో పక్కన పెట్టుకునేవాడు. వెబ్ పుట్టక ముందే అది నడుస్తోంది. ఎవరో దాన్ని వెతికి, తేదీతో సహా, పని చేసిన తీరుతో సహా చూపించగలిగారు కాబట్టే గెలిచారు.

బ్రిటిష్ టెలికాం హైపర్‌లింక్ మీద వేసిన దావా ఇంకో దారిలో పోయింది. 1970లలో పెట్టిన దరఖాస్తు 1989లో మంజూరైతే, దాన్ని పట్టుకుని 2000లో ప్రాడిజీ అనే ఇంటర్నెట్ సేవ మీద దావా వేశారు. 2002లో న్యాయమూర్తి విచారణ దాకా పోనివ్వలేదు. ఆ క్లెయిమ్‌లో సమాచారమంతా ఉండే "కేంద్ర కంప్యూటరు" అన్న ముక్క ఉంది, ఇంటర్నెట్‌లో అలాంటిది లేదు. ఒక్క ముక్క లేదు, కాబట్టి ఉల్లంఘన లేదు. పైన మీ లిస్ట్‌కి చేసిన లెక్కే ఇది.

ఇక మీ లీడ్ సలహా. అందులో సగం నిజం ఉంది. అమెరికాలో తెలిసి ఉల్లంఘించినట్టు తేలితే నష్టపరిహారాన్ని మూడు రెట్ల దాకా పెంచే అధికారం కోర్టుకి ఉంది. 2016లో హేలో కేసులో సుప్రీంకోర్టు ఆ పని చేయడం జడ్జీలకి సులువు చేసింది. అందుకే పెద్ద కంపెనీలు ఇంజనీర్లని పేటెంట్లు వెతకొద్దంటాయి. సొంతంగా వెతకొద్దు అన్నంతవరకు నేనూ ఒప్పుకుంటాను. కానీ నా అనుభవంలో చదవడం కంటే రాయడమే ఎక్కువ ప్రమాదం. చాట్‌లోనో టికెట్‌లోనో "ఇది ఫలానా పేటెంట్‌ని ఉల్లంఘిస్తుంది కదా" అని ఒక ఇంజనీరు తోచినట్టు రాసిన వాక్యం, క్లెయిమ్ ముక్కలు చూడకుండా రాసిన వాక్యం, ఐదేళ్ల తర్వాత అవతలి లాయరు చేతిలో సాక్ష్యమవుతుంది. మీకు అనుమానం ఉంటే నోటితో లీడ్‌కి చెప్పండి, ఆయన లాయరుకి చేరుస్తారు. నోటీసు వస్తే మీరు జవాబు రాయొద్దు, దాని మీద జట్టులో చర్చ పెట్టొద్దు. గడువు తీరిన పేటెంట్లని మాత్రం నిర్భయంగా చదవండి. క్లెయిమ్ ఎలా చదవాలో నేర్చుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు.

లైబ్రరీలు ఎంచుకునేటప్పుడు లైసెన్సులో పేటెంట్ మాట ఉందో లేదో చూడటం చాలామంది మర్చిపోతారు. అపాచీ 2.0 అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద కోడ్ ఇచ్చిన వాళ్లు, ఆ కోడ్‌కి తగిలే తమ పేటెంట్ల మీద మీకు లైసెన్సు కూడా ఇచ్చినట్టే. మీరు ఆ కోడ్ మీదే పేటెంట్ దావా వేస్తే ఆ లైసెన్సు పోతుంది. జీపీఎల్ మూడో వెర్షన్‌లోనూ పేటెంట్ షరతు స్పష్టంగా ఉంది. ఎంఐటీ, బీఎస్‌డీ లైసెన్సుల్లో ఆ మాటే లేదు. ఉదాహరణకి న్యూరల్ నెట్‌వర్క్‌లకి శిక్షణ ఇచ్చేవాళ్లలో చాలామంది వాడే డ్రాపౌట్ (శిక్షణలో కొన్ని యూనిట్లని యాదృచ్ఛికంగా ఆపేసే పద్ధతి) మీద గూగుల్‌కి 2016లో పేటెంట్ మంజూరైంది. గూగుల్ స్వయంగా ఇచ్చిన టెన్సర్‌ఫ్లో లైబ్రరీ అపాచీ 2.0 కింద ఉంది, కాబట్టి దాని ద్వారా వాడేవాళ్లకి కాగితం మీద భరోసా ఉంది. మీరు సొంతంగా రాసుకున్న డ్రాపౌట్‌కి ఆ కాగితం లేదు. దీనికి భయపడి మీ కోడ్ తీసేయమని అనడం లేదు, ఏ భరోసా ఎక్కడి నుంచి వస్తుందో తెలిసి ఉండాలంటున్నాను. రియాక్ట్ అనే వెబ్ లైబ్రరీ లైసెన్సులో ఫేస్‌బుక్ పెట్టిన పేటెంట్ షరతు మీద 2017లో ఎంత గొడవైందో, చివరికి అది ఎంఐటీకి ఎలా మారిందో గుర్తుండే ఉంటుంది.

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించే విషయం ఇంకోటి ఉంది, అది మీ చేతిలోనే ఉంది. మీ కంపెనీ రేపు మిమ్మల్నే "ఆవిష్కర్త"గా సంతకం పెట్టమనొచ్చు. అమెరికా దరఖాస్తులో మీకు తెలిసిన పాత పనిని ఆఫీసుకి చెప్పాల్సిన బాధ్యత మీ మీద ఉంటుంది. ఆ పద్ధతిని మీరు ఎక్కడో చదివి తెచ్చి ఉంటే ఆ సంగతి ఫారంలో రాయండి, లాయరుకి వినబడేలా చెప్పండి. సెలవులో ఉన్నానని జవాబు పంపే ఈమెయిల్ ఏర్పాటు మీద ఐబీఎంకి 2017 జనవరిలో పేటెంట్ వచ్చింది. విమర్శలు వచ్చాక కంపెనీయే దాన్ని ప్రజలకి వదిలేసింది. ఇలాంటివి ఆఫీసు దాకా వెళ్లకుండా ఆపగలిగేది ఆ గదిలో కూర్చున్న ఇంజనీరే.

ఇతరుల దరఖాస్తుల మీద కూడా మీరు చేయగలిగింది ఉంది. దరఖాస్తులు సాధారణంగా 18 నెలలకి ప్రచురితమవుతాయి. అమెరికాలో ప్రచురణ అయిన 6 నెలల్లోపు లేదా పరిశీలకుడు మొదటిసారి క్లెయిమ్‌ని తిరస్కరించేలోపు (రెండిట్లో ఏది తర్వాతైతే అది), అంతకుముందే మంజూరు నోటీసు వెళ్లిపోకపోతే, ఎవరైనా పాత ఆధారాలు పంపొచ్చు. ఒక్కో పత్రం ఆ దరఖాస్తుకి ఎలా సంబంధించిందో క్లుప్తంగా రాసి జతచేయాలి. మొదటిసారి పంపేవి మూడు పత్రాలకి మించకపోతే రుసుము కూడా లేదు. భారతదేశంలో 25(1) సెక్షన్ కింద, ప్రచురణ తర్వాత మంజూరుకి ముందు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. మీ కంపెనీ పేరు లాగకుండా ఉండాలంటే ముందు లాయరుని అడిగే చేయండి.

పంపే కాగితం ఎలాంటిదన్నదే అక్కడ గెలుపోటములు తేలుస్తుంది. "ఇది అందరికీ తెలుసు" అని రాస్తే పరిశీలకుడు ఏమీ చేయలేడు. విడుదల తేదీ ఉన్న సోర్స్ ఆర్కైవ్, ఆ వెర్షన్ మాన్యువల్ పేజీ, సభ పత్రం, మెయిలింగ్ లిస్టులో తేదీతో నిలిచిన ఉత్తరం, వెబ్ ఆర్కైవ్‌లో దాచిన పేజీ ఇలాంటివి కావాలి. వాటిలో ఏ పంక్తి క్లెయిమ్‌లోని ఏ ముక్కకి సరిపోతుందో పక్కపక్కన పెట్టి చూపించాలి. అందుకే మీ జట్టులో ఎవరైనా మంచి చిట్కా కనుక్కుంటే, పేటెంట్ తీసుకునే ఉద్దేశం లేకపోతే, అది ఏం చేస్తుందో ఎలా చేస్తుందో ఒక పేజీ రాసి, జనం వెతికితే దొరికేలా తేదీతో ప్రచురించమని అడగండి. గిట్ కమిట్‌లో తేదీ ఉంటుంది కదా అనుకోకండి. ఆ తేదీని ఎవరైనా మార్చొచ్చు, ప్రైవేటు రిపాజిటరీ ప్రచురణ కిందికి రాదు. బయట అందరికీ కనిపించిన రోజే లెక్కలోకి వస్తుంది.